సర్వర్‌లో ‘మూడుల్’ మొరాయిస్తే...

పాఠాలు, పరీక్షలు ఆన్‌లైన్‌లో నడిపేందుకు ఎన్నో కాలేజీలు వాడే ఉచిత సాఫ్ట్‌వేర్ ‘మూడుల్’. ఆస్ట్రేలియాకు చెందిన మార్టిన్ డూగియమాస్ 2002లో దీని తొలి వెర్షన్ విడుదల చేశారు. సర్వర్‌లో ఎక్కించేటప్పుడే అసలు తంటా!

ఇన్‌స్టలేషన్ మధ్యలో ఆగిందా? తెరమీది పట్టికలో ఎర్రగా కనిపించే వరుసలు చూడండి. ఏ పీహెచ్‌పీ ఎక్స్‌టెన్షన్ లేదో అక్కడే ఉంటుంది. ‘మ్యాక్స్ ఇన్‌పుట్ వార్స్’ మామూలుగా 1000 ఉంటుంది, దాన్ని 5000 చేయండి.

ఉత్త తెల్ల పేజీ వచ్చిందా? సర్వర్ ఎర్రర్ లాగ్ తెరిచి చివరి వరుసలు చదవండి.

వీడియో పాఠం అప్‌లోడ్ కావట్లేదా? పీహెచ్‌పీ మామూలుగా 2 ఎంబీ దాటిన ఫైలును తీసుకోదు. అప్‌లోడ్ సైజుతోపాటు పోస్ట్ సైజు కూడా పెంచండి.

మెయిళ్లు వెళ్లట్లేదా? ‘క్రాన్’ నిమిషానికోసారి నడుస్తోందో లేదో చూడండి.

అన్నిటికన్నా ముఖ్యం ‘మూడుల్‌డేటా’ ఫోల్డర్. పిల్లలు పంపే జవాబు ఫైళ్లు ఉండేది అందులోనే. ‘రాయడానికి అనుమతి లేదు’ అన్న మెసేజ్ రాగానే కొందరు అందరికీ అనుమతి ఇచ్చేస్తారు. అది ప్రమాదం. ఫోల్డర్‌ను వెబ్‌సైట్ ఫైళ్లకు బయట ఉంచి, వెబ్ సర్వర్‌కు మాత్రమే అనుమతివ్వండి. తాళంచెవి దొరకలేదని తలుపే పీకేస్తామా?