పేరు పెట్టని బిడ్డ

మా చిన్నది ఆరో తరగతి. మొన్న పుస్తకాల ఎగ్జిబిషన్‌లో ‘ఫ్రాంకెన్‌స్టైన్’ కొనుక్కుంది. పిల్లల కోసం కుదించి, పేజీకో బొమ్మ వేసిన పుస్తకం. అట్ట మీద నుదుటిన కుట్లు, మెడకు బోల్టులు ఉన్న భూతాన్ని చూసి మా అత్తయ్యగారు, “దానికి ఈ దెయ్యాల పుస్తకాలు ఎందుకమ్మాయ్, రాత్రి జడుసుకుంటుంది” అన్నారు. నాకూ అనుమానమొచ్చి ముందు నేనే చదివాను. బొమ్మలు బాగానే ఉన్నాయి. నా బాధల్లా అందులోంచి తీసేసిన దాని గురించే.

అసలు నవల పెళ్లికి ముందు, డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివాను. 1816లో జెనీవా సరస్సు దగ్గర అది మొదలుపెట్టేనాటికి మేరీ షెల్లీకి 18 ఏళ్లు. పుట్టిన కొద్దిరోజులకే తల్లి పోయింది. అంతకు ముందు ఏడాదే తన పసిగుడ్డూ పోయింది. అలాంటి పిల్ల రాసిన కథ ఇది. మెడలో బోల్టులు ఆవిడ పెట్టినవి కావు, 1931 సినిమాలోవి. ఫ్రాంకెన్‌స్టైన్ కూడా భూతం పేరు కాదు, దాన్ని తయారుచేసిన విక్టర్ ఇంటిపేరు. భూతానికి అసలు పేరే పెట్టలేదు.

ఈ పుస్తకంలో భూతం తరుముతుంది, చంపుతుంది. మాట్లాడదు. నవలలో అయితే దాని కథ దాని నోటితోనే వింటాం. ఒక పేద కుటుంబాన్ని గోడ సందులోంచి చూస్తూ మాటలు నేర్చుకుంటుంది. రాత్రిళ్లు వాళ్లకు కట్టెలు తెచ్చిపెడుతుంది. ఆ ఇంట్లో చూపులేని ముసలాయన ఒక్కడే దానితో ఆదరంగా మాట్లాడతాడు. కళ్లున్న కొడుకు వచ్చి కర్రతో బాదుతాడు. ఇదంతా ఇక్కడ రెండు వాక్యాల్లో తేల్చేశారు. ఇది పోతే పిల్లలకు మిగిలేది ఒకటే: వికారంగా ఉన్నవాడు చెడ్డవాడు.

అందుకే ఆ రాత్రి మిగతా కథ నేనే చెప్పాను.

“తనే చేసుకున్నాడు కదమ్మా, కళ్లు తెరవగానే వదిలేసి ఎందుకు పారిపోయాడు?” అంది.

“అనుకున్నంత అందంగా లేదని.”

కాసేపు ఆగి, “మరి నాకు శెనగపిండి ఎందుకు రాసేదానివి?” అంది.

అది పుట్టినప్పుడు ‘నల్లపిల్ల’ అన్న చుట్టాల మాటకు నేను ఏడ్చాను. ఏడేళ్లొచ్చేదాకా ప్రతి ఆదివారం నలుగు పెట్టాను. “తెల్లబడతావని” అన్నాను. అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. “తప్పు చేశాను” అని కూడా అన్నాను.

పిల్లలు జడుసుకుంటారని ఇలాంటి కథలు దాచకండి. భూతం చేసిన హత్యలూ దాచక్కర్లేదు. కొనేముందు మాత్రం ఒక్కటి చూడండి: ఆ చూపులేని ముసలాయన ఉన్నాడా, భూతం తన గోడు తాను చెప్పుకుంటోందా అని. లేకపోతే ఆ ముక్క మీరే చెప్పండి.

మా చిన్నది ఇప్పుడు భూతాన్ని ‘అది’ అంటే ఒప్పుకోదు. ‘అతను’ అనాలట.