ఫోన్ మనది, పెత్తనం ఎవనిది?



ఫోన్ కొన్నది మనం. కిస్తులు కడుతున్నది మనం. రీచార్జి పైసలు మనయి. మరి పెత్తనం ఎవనిది?

టార్చిలైట్ యాప్‌కు మన కాంటాక్టులు ఎందుకు? పిల్లలాడే ఆటకు మన మైకు ఎందుకు? అడుగుతరు, మనం సరే అని నొక్కుతం. నొక్కకుంటే కొన్ని యాపులు తెరుచుకోనే తెరుచుకోవు! మేనమామ నంబరు, మేస్త్రి నంబరు, బిడ్డకు చదువు చెప్పే టీచరమ్మ నంబరు, అన్నీ యాపోని చేతికి పోతయి. వాళ్లను ఎవరన్న అడిగిన్రా?

2020 డిసెంబర్ యాదికున్నదా? లోన్ యాపుల వేధింపులు తట్టుకోలేక మన తెలంగాణలోనే మనుషులు పానాలు తీసుకున్నరు. ఆ యాపోళ్లు చేసిందేంది? చిన్న అప్పు ఇచ్చి ఫోన్‌లో ఉన్న నంబర్లన్నీ గుంజుకున్నరు. వాయిదా తప్పిందో లేదో చుట్టాలకు ఫోన్లు, దోస్తులకు ఫోన్లు, పనిచేసే కాడ సేటుకు ఫోన్లు. ఫొటోలు మార్చి పంపుడు, దొంగ అని రాసుడు! మిర్యాలగూడ మిల్లులో బస్తాలు మోసే హమాలీకైనా, కోదాడ హైవే మీద దాబాలో చేసే పిలగానికైనా పరువు కన్నా పెద్ద ఆస్తి ఏమున్నది? అప్పు నాలుగు వేలు. తాకట్టు పోయింది పరువు. అప్పులిచ్చే యాపులు కాంటాక్టులు, కాల్ లిస్టు, ఫైళ్లు ముట్టొద్దని రిజర్వ్ బ్యాంకు ఆర్డరు 2022 సెప్టెంబర్‌లో వచ్చింది. పోయిన పానాలు తిరిగొస్తయా?

2023లో సైబరాబాద్ పోలీసులు ఒకణ్ని పట్టుకున్నరు. వాని దగ్గర 66.9 కోట్ల మంది వివరాలు ఉన్నయని పోలీసులే చెప్పిన్రు! అన్నీ అమ్మకానికే. "లోన్ కావాలా సార్" అని అన్నం ముందు కూసున్నప్పుడు వచ్చే ఫోన్లకు మన నంబరు ఎట్ల దొరుకుతున్నదో ఇంక వేరే చెప్పాల్నా?

చట్టం లేదా? ఉన్నది. ప్రైవసీ ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టులో తొమ్మిది మంది జడ్జీలు ఒక్కమాట మీద చెప్పిన్రు. 2023లో డేటా చట్టం కూడా చేసిన్రు. హక్కు కాయితం మీదికి వచ్చింది. ఫోన్‌లోకి మనమే తెచ్చుకోవాలె!

దోవ ఉన్నది. కోడ్ దాచకుండ అందరి ముందట పెట్టే యాపులున్నయి. ఓపెన్ సోర్స్ అంటరు. తెలిసినోడు ఎవడైనా విప్పి చూడొచ్చు, దొంగపని పెడితే దొరికిపోవచ్చు. కేరళ సర్కారు బడుల్లో కంప్యూటర్లు ఇట్లాంటి సాఫ్ట్‌వేర్ మీదనే నడుస్తున్నయి. మన హైదరాబాదులో స్వేచ్ఛ సంస్థ తెలుగులోనే ఆపరేటింగ్ సిస్టమ్ తయారు చేసింది. మనకేం తక్కువ?

ఇగ వాట్సాప్ సంగతి. మెసేజీకి తాళం ఉంటది, అబద్ధం చెప్పం. కానీ ఎవరితోని, ఎప్పుడెప్పుడు మాట్లాడుతున్నమో, ఏ గ్రూపులో ఉన్నమో కంపెనీ చూడొచ్చు. 2021లో వాట్సాప్ పెట్టిన షరతులకు కాంపిటీషన్ కమిషన్ 2024 నవంబర్‌లో దాని ఓనరు మెటాకు 213 కోట్ల జరిమానా వేసింది. సిగ్నల్ అనే మెసేజీ యాప్ అట్ల కాదు. 2016లో అమెరికా సర్కారు ఫోన్ నంబర్ల వివరాలు ఇయ్యమంటే ఇయ్యనీకి వాళ్ల దగ్గర ఉన్నయి రెండే ముక్కలు: ఖాతా తెరిచిన రోజు, ఆఖరుగ సిగ్నల్‌కు కనెక్ట్ అయిన రోజు!

కానీ ఒక్కడు సిగ్నల్ పెట్టుకుంటే ఏం ఫాయిదా? అవతల మాట్లాడనీకి మనిషే ఉండడు. కంపెనీల ధీమా కూడా అదే. అందుకే గ్రూపుకు గ్రూపు కదలాలె! చిట్టీల గ్రూపు, పొదుపు సంఘం గ్రూపు, హమాలీల గ్రూపు, టీచర్ల గ్రూపు. ఈ నేల మీద వెట్టిని ఎవరూ ఒంటరిగ ఆపలేదు, సంఘం కట్టి ఆపిన్రు. మొన్నమొన్న ఫేస్‌బుక్ కొన్ని సైట్లే ఫ్రీగ చూపే ఫ్రీ బేసిక్స్ అని ఆశ పెడితే దేశమంతా లొల్లి చేసింది. 2016 ఫిబ్రవరి 8న టెలికాం రెగ్యులేటర్ ట్రాయ్ దాన్ని బంద్ పెట్టింది!

సిగ్నల్ ఒక్కటే కాదు. ఇంటర్‌నెట్ చూడనీకి ఫైర్‌ఫాక్స్, అండ్ల యూబ్లాక్ ఆరిజిన్ వేస్తే వెంటబడే యాడ్లు ఆగుతయి. దోవ చూడనీకి ఆర్గానిక్ మ్యాప్స్, మ్యాప్ ఒక్కసారి దింపుకుంటే నెట్టు లేకున్నా నడుస్తది. జిరాక్స్, డీటీపీ షాపుల తమ్ముళ్లారా, దొంగ కాపీ ఆఫీసు ఎందుకు? లిబ్రే ఆఫీస్ పైస అడగదు. ఎఫ్-డ్రాయిడ్ అనే యాపుల అంగడిలో ఇట్లాంటి యాపులు చానా దొరుకుతయి. బ్యాంకు యాపులు, ఫోన్‌పేలు తీసెయ్యమంటలేం. అవి లేకుంటే ఇయ్యాల దినం గడవదని మాకూ తెలుసు. చేతనైనకాడ మొదలుపెడదాం.

ఈ ఆదివారం ఇంట్లో ఫోన్లన్నీ ముందటేసుకోండ్రి. అక్కెర లేని యాపులు పీకెయ్యుండ్రి. కాంటాక్టులు, మైకు, లొకేషన్ పర్మిషన్లు బంద్ చెయ్యుండ్రి. మీ గ్రూపు మొత్తాన్ని సిగ్నల్‌లోకి తోలుకరాండ్రి. మోసపోతే సిగ్గుపడొద్దు, దాచుకోవద్దు, గడియ ఆగకుండ సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టుండ్రి. ఈ కాయితం చదివి పారెయ్యొద్దు, పక్కోనికి ఇయ్యుండ్రి!