చెమట మనది, గడ్డ మనది - పరీక్ష ఎవరికి?

సూర్యలంక ఒడ్డున ఎండలో వల లాగేవాడికి, బాపట్ల, రేపల్లె చేలల్లో బురదలో నాట్లేసే ఆడమనిషికి కాలి మీద ఒక కాయ లేస్తే ఏమంటాం? పులిపిరి అంటాం. ఆనికాయ అంటాం. పసరు కడతాం, ఆరెంపీ ఇచ్చిన ఆయింట్‌మెంటు రాస్తాం. చాలాసార్లు అది పులిపిరే. ఎప్పుడో ఒకసారి మాత్రం అది క్యాన్సరు.

చెమట బయటికొచ్చే సన్నటి గొట్టంలో పుట్టే క్యాన్సరు ఒకటుంది. పేరు పోరోకార్సినోమా. 1963లో పింకస్, మెహ్రెగాన్ అనే డాక్టర్లు దీన్ని మొదట వివరించారు. చాలా అరుదు. పదివేల చర్మపు గడ్డల్లో ఒకటి ఉంటే ఎక్కువ. ముసలివాళ్ళకు, కాళ్ళ మీద, తల మీద ఎక్కువ. ఒక్కోసారి ఎవరూ అనుకోని చోట, చేతివేలి మీదో, ఆడవాళ్ళ మర్మస్థానంలోనో లేస్తుంది. ఏళ్ళ తరబడి ఊరుకున్న కాయ ఉన్నట్టుండి పెరుగుతుంది, పుండు పడుతుంది, రక్తం కారుతుంది. సుమారు ఐదుగురిలో ఒకరికి గజ్జల్లోనో చంకల్లోనో బిళ్ళలకు పాకుతుంది. అదీ దాటిపోతే మనిషి దక్కడం కష్టం.

చెమటోడ్చడం వల్లే ఇది వస్తుందని మేం చెప్పం. అలాంటి రుజువు లేదు, అబద్ధంతో ఉద్యమం నడవదు. జబ్బుకు కులం లేదు, ఆలస్యానికి ఉంది. కూలి పోతుందని ఆగేది మనం. ముట్టుకుని చూడకుండా చీటీ రాసిచ్చినా నోరెత్తనిది మనం.

పైపైన చూసి ఏ డాక్టరూ దీన్ని తేల్చలేడు. ముక్క తీసి మైక్రోస్కోపు కింద చూడాలి. ముందే తెలిస్తే చుట్టూ కాస్త మంచి చర్మంతో సహా కోసేస్తారు, చాలామంది బతుకుతారు. సూర్యలంకలో క్షిపణులు పేల్చి చూసుకునే దేశానికి గాజుపలక మీద చిన్న ముక్క చూడటం బరువా? 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇవాళ ఎన్టీఆర్ వైద్య సేవ అయిన పథకం క్యాన్సరు ఆపరేషనుకు డబ్బిస్తుంది. కానీ క్యాన్సరని తేలితేనే గదా!

మన ఒంటి మీది గాయం కాగితం మీదికెక్కాలంటే కొట్లాడాలని 1985లో కారంచేడు, 1991లో చుండూరు నేర్పాయి. ఇదీ అంతే.

సంఘం కార్యకర్తలారా! నెల దాటినా మానని పుండు, గబగబా పెరిగే కాయ కనబడితే ఆ మనిషికి తోడుగా పెద్దాసుపత్రికి వెళ్ళండి. "కోసిన ముక్క పరీక్షకు పంపారా?" అని అడగండి. రిపోర్టు చేతికి తీసుకోండి. అక్కల్లారా, చెల్లెళ్ళారా! దాచుకునే చోట గడ్డ వస్తే సిగ్గుపడి దాచొద్దు.

జై భీమ్!