ఇంటికీ స్టేషనుకూ నడుమ

హైదరాబాదు నగరంలో హైటెక్ సిటీ అన్న పేరుతో రెండు రైలు స్టేషన్లు ఉన్నాయి. ఒకటి 2003లో ఆరంభమైన ఎం.ఎం.టి.ఎస్. రైళ్ళు ఆగే స్టేషను. రెండవది 2019 మార్చి 20న తెరచిన మెట్రో స్టేషను. పేరు ఒకటే అయినా ఈ రెంటికీ నడుమ రెండు కిలోమీటర్లకు పైగా దూరం ఉంది. లింగంపల్లి వైపు పోయే రైలు దిగి, పేరును నమ్ముకొని, ఎదురుగా సైబర్ టవర్స్ భవనం కనిపిస్తుందని ఆశించిన కొత్తవాడు తెల్లబోక తప్పదు. ఆటో మాట్లాడుకోవాలి, లేదా వాహనాల నడుమ దారి వెదుక్కొంటూ కాలినడకన పోవాలి. పట్టాలు ఎక్కడి నుండి ఎక్కడికి వేయాలో శ్రద్ధగా ఆలోచించిన మనం, రైలు దిగిన మనిషి ఇల్లెలా చేరతాడన్న విషయాన్ని అతనికే వదిలివేశాం.

ఈ ప్రాంతపు నగరజీవితం ఎక్కువ కాలానిది కాదు. మాదాపూర్, కొండాపూర్, కొత్తగూడ, గచ్చిబౌలి ఒక తరం క్రితం వరకు గండశిలల నడుమ ఒదిగిన పల్లెలు. 1998 నవంబరు 22న నాటి ప్రధాని అటల్ బిహారీ వాజపేయి సైబర్ టవర్స్‌ను ప్రారంభించారు. 2001లో సైబరాబాద్ అభివృద్ధి సంస్థ ఏర్పడింది. కార్యాలయాలు వెలసిన వేగంతోనే చుట్టూ కాలనీలు వెలిశాయి. ఉద్యోగులు, వ్యాపారులు, పదవీ విరమణ చేసినవారు 200 గజాలో 300 గజాలో కొనుక్కొని, కింద ఒక వాటా, పైన ఒక వాటా వేసుకొని, ప్రహరీ పక్కన వేపచెట్టో కొబ్బరిచెట్టో పెంచుకొన్నారు. 30 అడుగుల వీధి, ఇంటికొక స్కూటరు. ఆనాటి అవసరాలకు ఆ వీధి సరిపోయింది.

నేడు ఆ ఇళ్ళు ఒకటొకటిగా నేలమట్టమవుతున్నాయి. 'ఇల్లు డెవలప్‌మెంటుకు ఇచ్చాం' అన్న మాట హైదరాబాదు మధ్యతరగతి సంభాషణలో పెళ్ళికబురంత సహజమైపోయింది. యజమాని స్థలమిస్తాడు, బిల్డరు పెట్టుబడి పెడతాడు, లేచిన అంతస్తులను ఒప్పందం ప్రకారం ఇద్దరూ పంచుకొంటారు. రెండు కుటుంబాలున్న చోట పది కుటుంబాలు చేరతాయి. హాస్టలు కడితే వందమంది యువతీయువకులు చేరతారు. ఈ మార్పును కేవలం దురాశగా, విధ్వంసంగా చిత్రించేవారితో నేను ఏకీభవించలేను. వేపచెట్టు పోయినందుకు బాధపడవలసిందే. కాని కొలువుకూ మెట్రోకూ చేరువలో ఎక్కువమంది నివసించగలగడం నగరానికి మేలు. ఊరి చివర పొలాలలో ఇల్లు కట్టుకొని రోజుకు మూడు గంటలు రోడ్ల మీద గడపడం కంటె, స్టేషను పక్క వీధిలో ఐదో అంతస్తులో ఉండడం నయం. 2017లో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన రవాణా ఆధారిత అభివృద్ధి విధానం చెప్పినదీ ఇదే. స్టేషను చుట్టూ 500 నుండి 800 మీటర్ల లోపు, అనగా పది పన్నెండు నిమిషాల నడక దూరంలో, జనసాంద్రత పెరగాలని ఆ విధానం సూచించింది.

ఈ లెక్క అంతా నడక మీద ఆధారపడి ఉంది. నడవడానికి దారి లేనప్పుడు 800 మీటర్లూ ఒకటే, ఎనిమిది కిలోమీటర్లూ ఒకటే. రెంటికీ బండి తీయవలసిందే.

మాదాపూర్ లోపలి వీధులలో ఒక సాయంకాలం తిరిగి వచ్చినవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. సెల్లారులోకి కారు దిగడానికి వేసిన ర్యాంపు గేటు దాటి వీధిలోకి నాలుగడుగులు చొచ్చుకొని వస్తుంది. పక్క భవనం ర్యాంపు మరొక ఎత్తులో ఉంటుంది. రెంటి నడుమ ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్టూ ఇనుప కంచె. సెల్లారులో చోటు చాలని ద్విచక్ర వాహనాలు వీధి వారగా బారులు తీరి ఉంటాయి. హాస్టలు ముందు నీళ్ళ ట్యాంకరు, దాని వెనుక టిఫిను బండి. (ముందుగా ఆ బండినే తొలగించాలనేవారు ఉంటారు. అక్కడ నడిచేవారి ఆకలి తీర్చేది అదే కనుక నేను దాని పక్షమే.) మిగిలిన సందులో కార్లు ఎదురెదురుగా వస్తుంటే, పాదచారి ఒక్కొక్క ర్యాంపూ ఎక్కుతూ దిగుతూ సాగాలి. పసిబిడ్డను ఎత్తుకొన్న తల్లికి, మోకాళ్ళ నొప్పులున్న వృద్ధునికి, చక్రాల కుర్చీలో కదలవలసిన వారికి ఆ వీధి ఉన్నా లేనట్లే.

ఇందుకు ఇళ్ళు కట్టినవారిని మాత్రమే నిందించి ప్రయోజనం లేదు. నిబంధనల తీరే అటువంటిది. స్థల విస్తీర్ణానికి ఇన్ని రెట్లు మించి కట్టరాదన్న పరిమితి దేశంలోని అనేక నగరాలలో ఉంది. హైదరాబాదులో 2006లో వెలువడిన 86వ నంబరు ప్రభుత్వ ఉత్తర్వు ఆ పరిమితిని తొలగించింది. 2012 నాటి 168వ నంబరు ఉత్తర్వు అదే పద్ధతిని కొనసాగిస్తూ, భవనం ఎత్తును స్థలం పరిమాణంతోనూ ఎదుటి రోడ్డు వెడల్పుతోనూ ముడిపెట్టింది. కట్టిన వైశాల్యంలో నిర్ణీత భాగాన్ని వాహనాలు నిలపడానికి కేటాయించాలని శాసించింది. కారు నిలిచే చోటుకు ఇలా లెక్క కట్టారు. ఆ భవనంలో చేరే వందమంది గేటు వెలుపల అడుగు పెట్టడానికి ఎంత చోటు కావాలో ఎవరూ లెక్క కట్టలేదు. నివాస ప్రాంతాలలో కాలిబాట కనీసం 1.8 మీటర్ల వెడల్పు ఉండాలని భారత రోడ్ల కాంగ్రెసు 2012 నాటి మార్గదర్శకాలలో చెప్పింది. భవన అనుమతులిచ్చే కార్యాలయపు బల్ల మీదికి ఆ పుస్తకం చేరినట్లు మన వీధులను చూస్తే తోచదు.

గేటు వేసుకొన్న పెద్ద సముదాయాలతో వచ్చిపడిన చిక్కు మరొకటి ఉంది. పటం మీద సరళరేఖ గీసి కొలిస్తే స్టేషను 400 మీటర్లే ఉంటుంది. అయితే ఆ రేఖకు అడ్డంగా పది ఎకరాల ప్రహరీగోడ ఉంటుంది. దానికి ఒక్కటే గేటు, అదీ స్టేషనుకు వ్యతిరేక దిశలో. గోడ వెంట తిరిగి వచ్చేసరికి దూరం మూడింతలవుతుంది. లోపల చక్కని నడక బాట ఉంటుంది, ఉదయం అక్కడ ఆరోగ్యం కోసం నడుస్తారు; ఆ తరువాత స్టేషనుకు కారులో పోతారు! రాయదుర్గం స్టేషను నుండి కార్యాలయ సముదాయంలోకి స్కైవాక్ వేసుకోగలిగాం. ఇళ్ళ వైపు గోడలో ఒక చిన్న తలుపు పెట్టించలేకపోయాం.

'సైబరాబాదులో నడిచేవారెవరు, అందరికీ కార్లున్నాయి కదా' అని కొందరు వాదిస్తారు. ఉదయం ఆరు గంటలకు ఆ వీధులలో నిలబడితే జవాబు దొరుకుతుంది. ఇళ్ళలో పనిచేసే స్త్రీలు, రాత్రి కాపలా ముగించుకొని పోయే సెక్యూరిటీ గార్డులు, హాస్టలు నుండి మొదటి ఉద్యోగానికి బయలుదేరిన ఇరవై రెండేళ్ళ పిల్లలు, అందరూ నడుస్తూనే కనిపిస్తారు. ఈ పాఠం చదువుతున్న మీలో కొందరు నాలుగైదేళ్ళలో వారి మధ్యనే ఉండవచ్చు. రాత్రి తొమ్మిది దాటాక చివరి అర కిలోమీటరు చీకటిగా ఉంటుందన్న ఒక్క కారణంతో మెట్రోను మానుకొని, జీతంలో గణనీయమైన భాగాన్ని ఆటోలకూ క్యాబులకూ చెల్లించే ఆడపిల్లలు ఉన్నారు. 2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించగా, వారిలో 32,825 మంది పాదచారులు. 2025 మే నెలలో సుప్రీంకోర్టు, అడ్డంకులు లేని కాలిబాటను వినియోగించుకొనే హక్కు రాజ్యాంగం 21వ అధికరణలోని జీవించే హక్కులో భాగమేనని స్పష్టం చేసింది.

పాతవాటిని పడగొట్టి కట్టడం ఈ నగరానికి కొత్త విద్య కాదు. 1908లో మూసీ వరద హైదరాబాదును అతలాకుతలం చేసిన తరువాత, 1912లో నిజాం ప్రభుత్వం నగరాభివృద్ధి బోర్డును నెలకొల్పింది. ఇరుకువాడలను తొలగించి, రోడ్లు వెడల్పు చేసి, కొత్త ఇళ్ళు కట్టించిన ఆ బోర్డు చేతనే చార్మినారు సమీపాన పత్థర్‌గట్టి బజారు రూపుదిద్దుకొంది. రోడ్డుకు ఇరువైపులా రాతి భవనాలు, వాటి ముందు వరుసగా కమానులు, ఆ కమానుల వెనుక నడవా. ఎండలోనూ వానలోనూ కొనేవారు ఆ నీడన నడిచేవారు. పై అంతస్తు కట్టుకొనే అవకాశం దుకాణదారునికి దక్కింది, కింద నడిచే చోటు బాటసారికి దక్కింది. సింగపూరునో టోక్యోనో చూసి రావడానికి ముందు మన అధికారులు పత్థర్‌గట్టి దాకా వెళ్ళివస్తే బాగుండును.

అందువల్ల నేను కోరేది పెద్ద పథకమేమీ కాదు. స్టేషనుకు 800 మీటర్ల లోపు పాత ఇల్లు పడగొట్టి కొత్తది కట్టే ప్రతి అనుమతిలోనూ ప్రహరీని ఆరడుగులు వెనక్కు జరపాలి. ఆ ఆరడుగులూ నడిచేవారికి చెందాలి. ర్యాంపు వాలు గేటు లోపలే ముగియాలి. కాలిబాట మట్టం ఇంటింటికీ మారరాదు. పెద్ద సముదాయమైతే స్టేషను వైపు పాదచారుల ద్వారం, వీలైతే పగటిపూట అందరూ దాటిపోగల దారి ఉండాలి.

గజం లక్ష రూపాయలు దాటిన చోట స్థలం ఎవరు వదులుతారని అడగవచ్చు. సమంజసమైన ప్రశ్నే. 40 అడుగుల ముఖం ఉన్న స్థలంలో ఆరడుగులంటే దాదాపు 27 గజాలు. అయితే భవనం ముందు కొంత ఖాళీ వదలాలన్న నిబంధన ఎలాగూ ఉంది. ఆ ఖాళీలో కొంత ప్రహరీకి లోపల కాక వెలుపల ఉంటే కట్టుకొనే వైశాల్యం పెద్దగా తగ్గదు. అప్పటికీ నష్టం మిగిలితే, రోడ్డు విస్తరణకు స్థలమిచ్చినవారికి టీడీఆర్ పేరిట బదిలీ చేసుకోదగిన నిర్మాణ హక్కు ఇస్తున్నట్లే కాలిబాటకు ఇచ్చినవారికీ ఇవ్వవచ్చు. ఇందులో ఆలస్యం మాత్రం పనికిరాదు. ఇల్లు పడగొట్టిన నాడు మాట్లాడవలసినది ఒక్క యజమానితో. ఫ్లాట్లు అమ్ముడుపోయాక పదిమంది యజమానులను ఒప్పించి గోడ జరిపించడం జరిగే పని కాదు. ఆ భవనం పాతబడేదాకా మరో నలభై ఏళ్ళు ఎదురుచూడవలసిందే.

2019 నవంబరులో రాయదుర్గం చేరిన మెట్రో అక్కడే ఆగింది, నగరం ఆగలేదు. 2023 ఆగస్టు వేలంలో కోకాపేట నియోపోలిస్‌లో ఎకరం ధర 100 కోట్ల రూపాయలు దాటింది. రాయదుర్గం నుండి అక్కడికి మెట్రో వేయాలన్న ప్రతిపాదన 2024లో రాష్ట్ర ప్రభుత్వం రూపొందించిన రెండో దశ ప్రణాళికలో ఉంది. అక్కడ ఆకాశాన్నంటే భవనాలు ముందు లేస్తున్నాయి, స్టేషన్లు తరువాత రావాలి. గోడల మధ్య నడకదారులకు చోటు ఉంచారో లేదో స్టేషను తెరచిన నాడు గాని తెలియదు. మాదాపూర్‌లో మాత్రం అంతకాలం ఆగే వ్యవధి లేదు. పాత ఇంటి ముందు జేసీబీ వచ్చి ఆగిన ప్రతిసారీ, వీధికి ఆరడుగులు తిరిగి ఇవ్వగల స్థలాలలో ఒకటి తగ్గిపోతున్నది.