పాములు పోయాయి... ఆట మిగిలింది!

రాజస్థాన్‌లోని జైసల్మేర్ నుంచి పడమరగా 40 కిలోమీటర్లు వెళితే సమ్ ఇసుక దిబ్బలు వస్తాయి. ఒంటెలెక్కి తిరిగి, దిబ్బల మీంచి సూర్యాస్తమయం చూసి, పర్యటకులంతా చీకటి పడేసరికి గుడారాల దగ్గరికి చేరతారు. నడుమ నెగడు, చుట్టూ పరుపులూ బాలీసులూ, ఓ పక్కన చిన్న వేదిక. చేతికి టీ గ్లాసు అందేలోపే తలపాగాల పాటగాళ్లు శ్రుతి చేసుకుంటుంటారు. చలికాలమంతా అక్కడ ఇదే సందడి!

ముందు పాట. పాడేది మాంగణియార్లు. తరతరాలుగా సంగీతాన్నే నమ్ముకున్న ముస్లిం కళాకారులు. తమను పోషించే హిందువుల ఇళ్లలో బిడ్డ పుట్టినా, పెళ్లి జరిగినా పాడాల్సింది వీళ్లే. చేతికి రెండేసి చెక్కముక్కలు పట్టుకుని టకటకలాడిస్తారే, అది ఖర్తాల్. పళ్ల మధ్య పెట్టుకుని మీటే మోర్చంగ్‌ను చూస్తే మాత్రం తెలుగువాళ్లు 'అరె, మన మోర్సింగే కదా' అనుకుంటారు.

తర్వాత భవాయి. నెత్తిమీద ఏడెనిమిది కుండలు దొంతరగా పెట్టుకుని వస్తుంది నర్తకి. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడుతుంది. గాజు గ్లాసులపై నడుస్తుంది. చెయ్యి మాత్రం కుండను తాకదు. సర్కస్ ఫీటులా అనిపించొచ్చు. కానీ పగటిపూట ఎడారి దారుల్లో బిందె మీద బిందె పెట్టుకుని, చుక్క ఒలక్కుండా నడిచివచ్చే ఆడవాళ్లను చూసినవారికి ఆ ఒడుపు కొత్తగా అనిపించదు.

ఇవన్నీ ఒక ఎత్తు. ఆ తర్వాత వచ్చే కాల్బేలియా ఒక్కటీ ఒక ఎత్తు!

నల్లటి గాగ్రా. దానిమీద అద్దాలూ, రంగురంగుల అల్లికలూ. పాములవాళ్లు ఊదే నాగస్వరాన్ని అక్కడ పూంగీ అంటారు. అది మోగగానే నర్తకి గిర్రున తిరుగుతుంది. గాగ్రా గొడుగులా విచ్చుకుంటుంది. నడుము, మెడ, చేతులు... ఒళ్లంతా పాములా మెలికలు తిరుగుతుంది. వెనక్కి విల్లులా వంగి, నేలమీది ఉంగరాన్ని కనురెప్పలతో పట్టి తీసేవాళ్లూ ఉన్నారు. చప్పట్లు మోగిపోతాయి. వ్యాఖ్యాత మైకులో 'ప్రాచీన సంప్రదాయ నృత్యం' అంటాడు.

అందులో సగమే నిజం. కాల్బేలియాలు సంచార జాతి. వెదురు బుట్టల్లో తాచుపాముల్ని పెట్టుకుని ఊరూరా తిరిగేవారు. ఇళ్లలో దూరిన పాముల్ని పట్టేవారు. పాముకాటుకు మందిచ్చేవారు. మగవాళ్లు పూంగీ ఊదితే ఆడవాళ్లు పాడి, ఆడి, గింజలో పిండో అడుక్కునేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. పాముల్ని పట్టడం, ఆడించడం నేరమైంది. చట్టం పాముల మేలు కోరింది సరే, పాము తప్ప మరో ఆస్తి లేనివాళ్ల బతుకు మాటేమిటి?

దారి చూపింది ఆటే. పక్కవాయిద్యంలా ఉన్న ఆడవాళ్ల ఆట 1980ల్లో వేదికెక్కింది. ఈరోజు మనం చూస్తున్న రూపం అప్పటి నుంచి రూపుదిద్దుకున్నదే. బుట్టలో ఉండాల్సిన పాము నర్తకి ఒంట్లోకి వచ్చి చేరింది!

ఆ మార్పుకు ముఖం గులాబో సపేరా. ఇంట్లో ఆమెకన్నా ముందే ముగ్గురు ఆడపిల్లలు. నాలుగోసారీ ఆడపిల్లేనా అని, పుట్టిన రోజునే పసికందును మట్టిలో పాతిపెట్టారు. పిన్ని తవ్వి తీసింది. తండ్రి తనతోపాటు పాములాటకు తీసుకెళితే, ఆ పాముల్ని చూసే పాప ఆడటం నేర్చుకుంది. పుష్కర్ సంతలో ఆడుతుంటే పర్యటక శాఖవారి కంట పడింది. 1985లో అమెరికాలో జరిగిన భారత ఉత్సవాల్లో నాట్యం చేసింది. 2010లో కాల్బేలియా పాటలూ నృత్యాలూ యునెస్కో వారసత్వ జాబితాకు ఎక్కాయి. 2016లో గులాబోకు పద్మశ్రీ వచ్చింది.

అయితే పేరు వచ్చినంత తేలిగ్గా తిండి రాదు. పర్యటకులు వచ్చే నాలుగైదు నెలల సంపాదనతోనే ఎండాకాలం గడవాలి. 2020లో లాక్‌డౌన్ వచ్చి గుడారాలు మూతపడితే ఆట లేదు, పూట లేదు.

అందుకే సమ్ వెళ్లేవారు సూర్యాస్తమయం ఫొటోలతో సరిపెట్టుకోకుండా రాత్రి ఆట అయ్యేదాకా కూర్చోవాలి. నచ్చితే నోట్లు విసరకుండా చేతికివ్వాలి. పేరేమిటని ఒక్కమాట అడగాలి. ఆడపిల్ల పుడితే మట్టి కప్పిన చోట ఇప్పుడు ఇల్లు గడిచేది ఆ ఆడపిల్ల కాలి గజ్జెల మీదే మరి!