నన్నారి కెగ్గు పక్కన ఉత్త సోడా కెగ్గు ఒకటి ఉండాలి

ఈమధ్య మన కుటుంబాల కలయికల్లో ఒక కొత్త సామాను కనబడుతూ ఉంది. నిలువు స్టీలు పీపా, దానికో గ్యాస్ సిలిండరు, సన్నటి గొట్టం, చివర కొళాయి. కెగ్గు అంటారు దీన్ని. నన్నారి పాకం, నీళ్ళు, గ్యాస్ అన్నీ ముందే కలిపి చల్లగా పెట్టేస్తారు. కొళాయి తిప్పితే తయారైన సోడా గ్లాసులోకి దిగుతుంది. పెద్దవాళ్ళలో కొందరు మూతి విరిచారు, "సారాకొట్టు సామాను ఇంట్లోకి తెచ్చినారే" అని. మేం మాత్రం కెగ్గు పక్షమే. కానీ ఒక షరతు ఉంది.

రాజపాళయం వైపు పెరిగిన మాకు సోడా అంటే ఊరి వస్తువే. పక్కనున్న విరుదునగరంలో కాళిమార్క్ 1916లో మొదలైంది. యానాం చుట్టాలు వస్తే ఊరుకోరు, రామచంద్రపురం ఆర్టోస్ పేరెత్తుతారు. అదీ 1919 నాటిది, కాబట్టి ఆ పోటీ ఎప్పటికీ తేలదు. ఇక గోలీ సోడా సీసా సంగతా, దాన్ని కనిపెట్టింది ఇంగ్లండులో హైరం కాడ్ అనే ఆయన, 1870లలో. యంత్రంతో గ్యాస్ ఎక్కించడం మన అవ్వల కాలం నుంచీ ఉన్నదే కదా. ఎవరింట్లోనూ సోడా చేత్తో పుట్టలేదు. మనది అనదగింది అందులో పోసే పాకం. సుగంధిపాల వేళ్ళు దంచి, నానబెట్టి, కాచి, చక్కెర కలిపి తీసే ఆ నల్లటి పాకం.

ఆ పాకమే పెళ్ళిళ్ళలో కనబడకుండా పోయింది. రెండు వందల మందికి గ్లాసు గ్లాసుకీ కలిపేంత ఓపిక, మనుషులు ఎక్కడున్నారు? పెద్ద ప్లాస్టిక్ సీసాలు తెస్తాం. మూత తీసిన అరగంటకి గ్యాస్ పోయి తీపినీళ్ళు మిగుల్తాయి. కెగ్గు ఈ చిక్కు తీరుస్తుంది. మామూలు కెగ్గు 19 లీటర్లది. మూడు లీటర్ల పాకానికి 15 లీటర్ల నీళ్ళు పోస్తే, పైన కాస్త ఖాళీ ఉంచుకుని, 150 మిల్లీలీటర్ల గ్లాసులు 120 వస్తాయి. చివరి గ్లాసు కూడా మొదటిదాని లాగే చురుక్కుమంటుంది.

దీని గుట్టంతా చల్లదనంలో ఉంది. 30 డిగ్రీల నీళ్ళు పట్టుకునే గ్యాస్, 4 డిగ్రీల నీళ్ళు పట్టుకునేదాంట్లో సగం కూడా ఉండదు. అందుకని కెగ్గును ఫ్రిజ్‌లో పెట్టి, 25 నుంచి 30 పీఎస్ఐ ఒత్తిడి మీద రెండు మూడు రోజులు వదిలేయాలి. పెళ్ళి పొద్దున కలిపి మధ్యాహ్నం పోద్దామంటే అయ్యే పని కాదు. గొట్టం కూడా కురచగా ఉండకూడదు. సన్న గొట్టమే 20 అడుగులు చుట్ట చుట్టి పెడితే అంత ఒత్తిడీ దారిలోనే మెత్తబడుతుంది. లేకపోతే గ్లాసులో పడేది నురగే. పందిట్లో కెగ్గుతో పాటు గొట్టాన్నీ ఐసులో ముంచాలి.

ఇత్తడి, రాగి భాగాలు సోడాకు తగలకూడదు. సోడాలో పులుపు గుణం ఉంటుంది, లోహం దిగుతుంది. రాగి చెంబులో మజ్జిగ పోయొద్దని అవ్వలు కేకలేసింది ఇందుకే. నన్నారి వాసన రబ్బరు వలయాలకీ గొట్టానికీ పట్టిందంటే వదలదు, కాబట్టి ఆ కెగ్గు నన్నారికే అంకితం. లోపలి ఒత్తిడి పూర్తిగా వదలకుండా మూత మీద చెయ్యి వెయ్యొద్దు. సిలిండరు తిండి సరుకులకు వాడే గ్యాస్‌దై ఉండాలి, నిలబెట్టి గొలుసుతో కట్టాలి, గాలాడని చిన్న గదిలో పెట్టకూడదు.

ఇప్పుడు మా షరతు. ముందే కలిపిన సోడా అందరికీ ఒకే తీపి. మన ఇళ్ళల్లో మర్యాద అలా నడవలేదు. పాకం గరిట చేతిలో పట్టుకుని "ఎంత పోయమంటారు పెద్దమ్మా?" అని అడిగేవాళ్ళు. పెద్దమ్మ "సగం చాలు నాయనా, షుగరుంది" అనేది. ఆమె సంగతి ఆ మాటతోనే ఇంటికి తెలిసేది. కెగ్గు దగ్గర ఆ ప్రశ్న లేదు. షుగరున్న పెద్దవాళ్ళు గ్లాసు పుచ్చుకుని, రెండు గుక్కలు తాగి, మెల్లగా కుర్చీ కింద పెట్టేయడం మేం చూస్తూనే ఉన్నాం. పిల్లలు ఉత్సాహంగా చేసిన ఏర్పాటు, కాదంటే ఏమనుకుంటారో అని నోరు విప్పరు. పెద్దలు నోరు మూసుకుని తాగాల్సి వస్తే అది ఎంత మంచి సోడా అయినా మాకొద్దు.

అందుకని ఖర్చు ఎక్కువైనా రెండు కెగ్గులు అంటున్నాం. ఒకదాంట్లో నన్నారి, అదీ తీపి కాస్త తగ్గించి. రెండోదాంట్లో ఉత్త సోడా. దాని పక్కన పాకం గిన్నె, గరిట, అడిగి పోసే మనిషి. ఆ మనిషి ఇంటివాళ్ళలో ఒకరైతేనే బాగుంటుంది, క్యాటరింగు కుర్రాడికి పెద్దమ్మ షుగరు సంగతి తెలియదు కదా.

నిమ్మకాయ సోడా మాత్రం కెగ్గులో కలపనే వద్దు. పిండిన రసం కొన్ని గంటలకే చేదెక్కుతుంది, గింజో తొనో కొళాయిలో ఇరుక్కుంటే అంతటితో ఆగిపోతుంది. ఉప్పు సోడా అయితే మరీ కుదరదు. చిటికెడు ఉప్పు పడగానే ఎలా పొంగుతుందో అందరికీ తెలిసిందే. అది అప్పటికప్పుడు, గ్లాసులోనే చేసుకోవాలి.

పాకం కొలత గురించి ఒక మాట. కెగ్గుకు కంటి కొలత పనికిరాదు, లీటర్లలో రాసుకోవాల్సిందే. ఇందువల్ల ఇంటింటి పాకం మొదటిసారి కాగితం మీదికొస్తోంది. మీ ఇంట్లో వేళ్ళెన్ని, చక్కెరెంత, ఎంతసేపు కాచాలో పెద్దవాళ్ళను కూర్చోబెట్టి అడిగి రాసి పంపండి. వచ్చే సంక్రాంతి కలయికకి రెండు కెగ్గులూ తెస్తున్నాం. పాకం ఎవరింటిదన్నదే ఇంకా తేలలేదు.