అమ్మ పేరున ఫైలేదీ?

మా ఇంట్లో బీరువా పై అరలో మావారి పేరున ఒక ఫైలుంది. తొమ్మిదేళ్ల కొలెస్ట్రాల్ రిపోర్టులు, ఏ ఏటికాయేడు వరసగా గుచ్చి ఉంటాయి. గుచ్చింది నేనే. ఏ ఏడు వేపుళ్లు తగ్గించారో, ఏ ఏడు పొద్దుటి నడక మానేశారో ఆ అంకెలు చూసి చెప్పగలను. కిందటి వేసవిలో మా అమ్మకి గుండెనొప్పి వచ్చింది. రెండు రోజులు గ్యాసనుకుని వాము నీళ్లు తాగి, ఆనక ఆసుపత్రికొచ్చింది. "పాత రిపోర్టులేమైనా ఉన్నాయామ్మా?" అని డాక్టరుగారు అడిగితే తెల్లమొహం వేశాను. అరవై రెండేళ్ల మనిషికి ఒక్క కాయితం లేదు. నాకూ లేదు. ఆ మాట పైకనలేదు.

మా భీమవరంలో రొయ్యలో కొలెస్ట్రాల్ ఎంతుందో చెప్పే మగవాళ్లు వీధికి పదిమంది. ఇంట్లో ఇల్లాలికెంతుందో అడగండి, ఒక్కరికీ తెలీదు.

ఈ మరపు మన ఒక్కళ్లదే కాదు లెండి. మనిషికి వయసెలా మీద పడుతుందో చూద్దామని అమెరికాలో బాల్టిమోర్ దగ్గర 1958లో ఒక అధ్యయనం మొదలుపెట్టారు. అవే మనుషుల్ని ఏళ్ల తరబడి మళ్లీ మళ్లీ పిలిచి బరువు, బీపీ, కొలెస్ట్రాల్ వగైరాలన్నీ కొలవడం దాని పద్ధతి. అయితే ఆడవాళ్లను 1978లో గానీ చేర్చుకోలేదు! ముసలితనం మగవాళ్లకే వస్తుందనుకున్నారో ఏమో. అందరూ అలాంటివాళ్లేననను. అంతకు పదేళ్ల ముందే, 1948లో, ఫ్రామింగ్‌హామ్ అనే ఊళ్లో మొదలైన గుండె అధ్యయనంలో సగానికి పైగా ఆడవాళ్లే.

ఒకే మనిషిని అన్నేళ్లు కొలవడం దేనికంటారా? ఇవాళ ముప్పయ్యేళ్ల కూతుర్నీ అరవయ్యేళ్ల తల్లినీ పక్కపక్కన నిలబెట్టి రక్తం తీస్తే, ఆ తేడా వయసుదో, తిన్న తిండిదో, చేసిన చాకిరీదో ఎలా తేలుతుంది? తల్లి ముప్పయ్యో ఏట ఎంతుందో తెలిస్తేనే కదా లెక్క కుదిరేది. అలా వెంటపడి కొలిచారు కాబట్టే ఒక సంగతి బయటపడింది. 1990లలో నడివయసు స్త్రీల కోసమే మొదలైన స్వాన్ అనే అధ్యయనంలో, వెయ్యిమందికి పైగా ఆడవాళ్ల అంకెలు చూసి 2009లో ఫలితం ప్రకటించారు. ఆఖరి ముట్టుకు అటూ ఇటూ, ఏడాది వ్యవధిలోనే చెడ్డ కొలెస్ట్రాల్ గబుక్కున పెరిగిందట. బీపీ, చక్కెర అలా ఎగరలేదు, వయసుతోపాటే మెల్లగా కదిలాయి. అంటే, హమ్మయ్య, ఇక ఆ బాధ తీరిందని మనం ఊపిరి పీల్చుకునే వేళకే లోపల ఇంకో కథ మొదలవుతుందన్నమాట. అంతకుముందు ఎంతుండేదో తెలియకపోతే పెరిగిందని ఎలా తెలుస్తుంది?

"పొలంగట్ల మీద నడిచిన ఒళ్లు, మాకేంటమ్మా గుండెజబ్బులు" అంటుంది మా పెద్దమ్మ. 2003-04లో మన ఉభయ గోదావరి జిల్లాల్లోనే 45 పల్లెల్లో, పోయినవాళ్ల ఇళ్లకెళ్లి కారణాలు ఆరా తీశారు. నూటికి 32 మంది గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారని తేలింది. వాళ్లందరూ మేడల్లో కూర్చున్నవాళ్లా?

ఇక మన సాకులు. పరగడుపున వెళ్తే పొద్దున్నే క్యారేజీలెవరు కడతారు? కార్తీక సోమవారాలు నక్షత్రం కనిపించేదాకా ఉండగలిగిన మనకి, ఒక్క పూట కాఫీ మానడం కష్టమా! పైగా మామూలు పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదని ఇప్పుడు చాలామంది డాక్టర్లే అంటున్నారు. డబ్బు దండగంటారా, మావారికి పెట్టినప్పుడు అది దండగనిపించలేదే? నలభై దగ్గర పడ్డ ప్రతి ఇల్లాలికీ మొదటి కాయితం ముట్లుండగానే చేతిలో ఉండాలని నా పట్టుదల.

అమ్మ ఇప్పుడు కులాసాగానే ఉంది. మొన్న సోమవారం నేనూ వెళ్లి రక్తం ఇచ్చొచ్చాను. "సన్నగానే ఉన్నావుగా, నీకెందుకు?" అన్నారు మావారు. రిపోర్టులో ఎల్‌డీఎల్ 148 అని ఉంది. ఆయన ఇంకేం మాట్లాడలేదు. సాయంత్రం బజారు నుంచి వస్తూ రెండు కొత్త ఫైళ్లు తెచ్చారు. ఒకటి నాకు, ఒకటి అమ్మకు.